కరెంటు వచ్చింది, నెట్‌వర్క్ రాలేదు

కరెంటు పోయి వచ్చింది. సర్వరు లేచింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దాని లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషీన్లన్నీ, జాబితాలో పచ్చటి గుర్తుతో ‘రన్నింగ్’ అని కనిపిస్తున్నాయి. కానీ వాటిలో ఒక్కటీ పింగ్‌కు, అంటే నెట్‌వర్క్‌లో ‘ఉన్నావా’ అని పిలిచే పిలుపుకు, పలకడం లేదు. ఇంతకంటే విసుగు పుట్టించే రకం ఇంకొకటుంది: కొన్ని పలుకుతాయి, కొన్ని పలకవు. ఇలాంటప్పుడు చుట్టూ చేరినవాళ్ల నోట వచ్చే మొదటి మాట ‘నెట్‌వర్క్ కార్డు కాలిపోయి ఉంటుంది’. రెండోది ‘ఇంకోసారి రీస్టార్ట్ చేసి చూద్దాం’. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

నా ఉద్దేశంలో కరెంటు మీద వేసే నింద చాలావరకు ఆడలేక మద్దెల ఓడు అన్న చందమే. కరెంటు పోయి వచ్చినప్పుడు ముఖ్యంగా జరిగేవి రెండు. మెమరీలో మాత్రమే ఉండి డిస్కు మీదకు చేరని సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మామూలుగా ఒక వరసలో ఆన్ చేసే పెట్టెలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అందుకే ‘నిన్నటిదాకా బాగానే నడిచింది’ అన్న వాంగ్మూలం నన్ను కదిలించదు. నిన్నటిదాకా నడిచింది మెమరీలో ఉన్న అమరిక. ఈరోజు లేచింది డిస్కు మీద ఉన్న అమరిక. ఆ రెండూ ఒకటేనని ఎవరూ సరిచూసి ఉండరు. సరిచూడాలంటే ఆపి లేపాలి, ఆపడానికి ఎవరికీ మనసు రాదు.

ఏడాదిగా ఒక్కసారీ రీబూట్ కాలేదని సర్వరు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు కంగారు పుడుతుంది. ఆ ఏడాదిలో ఎవరో ఒకరు ఏదో ఒత్తిడిలో ఒక రూటు, అంటే డేటా ముక్కలు (ప్యాకెట్లు) పోవలసిన దారి, చేర్చి ఉంటారు. లినక్స్‌లో ‘ఐపీ రూట్ యాడ్’ అని కొడితే అది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ మెమరీలోకి వెళ్తుంది తప్ప ఏ ఫైల్లోనూ పడదు. ప్యాకెట్లను ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు దాటించే ఐపీ ఫార్వర్డింగ్‌ను అప్పటికప్పుడు ఆన్ చేసినా అంతే. కెర్నల్ అమరికలుండే సిస్‌కంట్రోల్ ఫైల్లో కూడా రాసి ఉంటేనే అది రీబూట్ తర్వాత నిలుస్తుంది. లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్ నియమాలనూ విడిగా సేవ్ చేసుకోవాలి. వీటికి తోడు అప్‌డేట్లలో వచ్చిన కొత్త కెర్నల్ ఒకటి డిస్కు మీద తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన రోజే దానికి తొలి బూటు. నెట్‌వర్క్ కార్డు డ్రైవరు కెర్నల్‌తో పాటు వచ్చినది కాకుండా విడిగా కంపైల్ చేసి ఎక్కించినదైతే, కొత్త కెర్నల్‌కు అది సిద్ధమై ఉండకపోవచ్చు. అప్పుడు కార్డు కనపడదు. అందరూ విద్యుత్తు శాఖను తిట్టుకుంటారు, అసలు కారణం ఎప్పుడో వచ్చి కూర్చున్న అప్‌డేటు.

రీస్టార్ట్ సంగతి తర్వాత చెబుతాను. ముందు చేయవలసిన పని, చాలామంది చేయని పని: కన్సోల్ తెరవడం. నెట్‌వర్క్ మీదుగా వెళ్లే రిమోట్ డెస్క్‌టాప్, ఎస్‌ఎస్‌హెచ్ కాదు, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేరు) ఇచ్చే కన్సోల్, అంటే మెషీన్ సొంత తెర. జాబితాలో పచ్చ గుర్తు ఉందంటే ఆ మెషీన్ ప్రాసెస్ నడుస్తోందని మాత్రమే హోస్టు, అంటే వాటిని మోసే అసలు సర్వరు, చెబుతోంది. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా లేచిందో లేదో హోస్టుకు పట్టదు. కరెంటు హఠాత్తుగా పోతే ఫైల్ సిస్టమ్ సగంలో ఆగిపోతుంది. మళ్లీ లేచేటప్పుడు దాని సరిచూపు సొంతంగా పూర్తి కాక, మెషీన్ ఒక్కోసారి ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడిపోతుంది. బూటప్పుడు కలపవలసిన డిస్కుల జాబితా ఎఫ్‌స్టాబ్‌లో రాసిన ఏదో నెట్‌వర్క్ ఫోల్డరు దొరక్కపోయినా ఇదే గతి. ఆ స్థితిలో ఉన్న మెషీన్‌కు నెట్‌వర్క్ లేదని హోస్టు మీద కేబుళ్లు పీకి మళ్లీ పెట్టేవాళ్లను చూశాను. అది నెట్‌వర్క్ సమస్యే కాదు, బూట్ కాని మెషీన్.

కన్సోల్‌లో లాగిన్ తెర కనిపించింది, లోపలికి వెళ్లాం. ఇప్పుడు చూడవలసింది అడ్రసు. 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే కథ సగం తెలిసినట్టే. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరును అడిగి, జవాబు రాక, మెషీన్ తనకు తానే పెట్టుకున్న అడ్రసు అది. విండోస్ ఇలా చేస్తుంది. లినక్స్ చాలాసార్లు అసలు అడ్రసే లేకుండా ఉండిపోతుంది. సర్వరు ఎందుకు పలకలేదన్నది తర్వాతి ప్రశ్న, దానికి జవాబు చాలాసార్లు లేచిన వరసలో దొరుకుతుంది.

కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్చి, రూటర్, హోస్టు ఒకేసారి ఆన్ అయ్యాయి. ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న హోస్టు గబగబా లేచి మెషీన్లను లేపడం మొదలుపెట్టింది. మేనేజ్‌మెంట్ ఉన్న స్విచ్చి తన సాఫ్ట్‌వేరును లోడు చేసుకోవడానికే నిమిషాలు తీసుకోవచ్చు. లేచాక కూడా, లూపులు లేవని తేల్చుకునే స్పానింగ్ ట్రీ పాత పద్ధతిలో పనిచేస్తుంటే, ప్రతి పోర్టూ వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి ఇంకో 15 సెకన్లు తీసుకుంటుంది. ఆ 30 సెకన్లూ పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది, ప్యాకెట్టు మాత్రం దాటదు. హోస్టు ఉన్న పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ నిరీక్షణను దాటవేసే అమరిక) పెట్టి ఉంటే ఈ ఆలస్యం ఉండదు, కానీ మామూలు రోజుల్లో ఎవరికీ అది గుర్తు రాదు.

ఇక్కడ వర్చువల్ మెషీన్‌కు ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మామూలు కంప్యూటర్‌కు స్విచ్చి ఆలస్యంగా లేస్తే కేబులు లింకు అప్పుడే వచ్చినట్టు తెలుస్తుంది. లింకు రాగానే మళ్లీ డీహెచ్‌సీపీని అడుగుతుంది, పని సర్దుకుంటుంది. వర్చువల్ మెషీన్ కేబులు మరో కొసన ఉన్నది హోస్టు లోపలి బ్రిడ్జి, అంటే సాఫ్ట్‌వేరు స్విచ్చి. ఆ బ్రిడ్జి, బయటి స్విచ్చి ఉన్నా లేకపోయినా, మెషీన్‌కు లింకు ఉన్నట్టే చూపిస్తుంది. బయట స్విచ్చి చచ్చి లేచిందన్న కబురు మెషీన్‌కు అందనే అందదు. అడిగింది, జవాబు రాలేదు, ఊరుకుంది. విండోస్ ఐదు నిమిషాలకోసారి మళ్లీ అడుగుతుంది. కొన్ని లినక్స్ క్లయింట్లు అడుగుతూనే ఉంటాయి, కొన్ని కొంతసేపు ప్రయత్నించి ఆగిపోతాయి. హోస్టుకు నెట్‌వర్క్ ఉండి మెషీన్లకు లేకపోవడానికి ఇదొక సాధారణమైన కారణం. మెషీన్‌లో అడ్రసును విడుదల చేసి మళ్లీ అడిగిస్తే క్షణంలో తేలిపోతుంది.

రీస్టార్ట్ మీద నా అభ్యంతరం ఇక్కడే. ఈ పరిస్థితిలో హోస్టును రీస్టార్ట్ చేస్తే అంతా బాగైపోతుంది, ఎందుకంటే రెండోసారి లేచేసరికి స్విచ్చి ఎప్పుడో లేచి సిద్ధంగా ఉంది. ‘రీస్టార్ట్ చేస్తే సరిపోయింది’ అని అందరూ ఇళ్లకు వెళ్తారు. కారణం అలాగే ఉంటుంది, వచ్చే కోతకు మళ్లీ ఇదే తంతు. పైగా రీస్టార్ట్ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ఐపీ అడ్రసును కార్డు సొంత నంబరైన మ్యాక్ అడ్రసుతో జతచేసే ఆర్ప్ పట్టికలు, బ్రిడ్జి నేర్చుకున్న మ్యాక్ అడ్రసులు, లింకు పడి లేచిన సమయాలు అన్నీ మెమరీలోవే. లినక్స్ లాగ్ పుస్తకమైన సిస్టమ్‌డీ జర్నల్ కూడా, డిస్కు మీద వార్ లాగ్ ఫోల్డరులో దానికంటూ డైరెక్టరీ లేకపోతే, చాలా వెర్షన్ల మామూలు అమరికలో మెమరీలోనే రాసుకుంటుంది. గత బూటు లాగ్ చూద్దామంటే ఉండదు. ముందు రాసి పెట్టుకోండి, తర్వాత కావాలంటే రీస్టార్ట్ చేయండి. మొబైల్‌తో తెరను ఫోటో తీసినా నాకు అభ్యంతరం లేదు.

వరస సమస్యలో ఇంకా లోతైనది చెట్టు ముందా విత్తు ముందా అన్న రకం. డీహెచ్‌సీపీ సర్వరు, పేరు చెబితే అడ్రసు ఇచ్చే డీఎన్‌ఎస్ సర్వరు అదే హోస్టు మీద వర్చువల్ మెషీన్లుగా ఉంటాయి. హోస్టు తన స్టోరేజీని పేరుతో వెతుకుతుంది. పేరు చెప్పవలసిన డీఎన్‌ఎస్ మెషీన్ డిస్కు ఆ స్టోరేజీలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇది ఎవరికీ కనపడదు, ఎందుకంటే అన్నీ ఒకేసారి ఎప్పుడూ ఆగలేదు. దీనికి చాలామంది చెప్పే మందు స్టార్టప్ వరసలో ఆలస్యం పెట్టడం. హైపర్‌వైజర్లలో ప్రాక్స్‌మాక్స్‌లో అయితే వరస సంఖ్య, ఆలస్యం ఇవ్వవచ్చు, హైపర్‌-వీలో ఒక్కో మెషీన్‌కు ఆలస్యం ఇవ్వవచ్చు, ఈఎస్‌ఎక్స్‌ఐలో ఆటోస్టార్ట్ ఆలస్యం మామూలుగా 120 సెకన్లు. పెట్టుకోండి, కాదనను. కానీ ఆలస్యం అన్నది ఊహ మాత్రమే. ఫైల్ సిస్టమ్ సరిచూపుకు ఈసారి ఎంతసేపు పడుతుందో ఆ సంఖ్యకు తెలియదు. వలయాన్ని తెంచడమే అసలు మందు: హోస్టులకు స్థిరమైన అడ్రసులు, స్టోరేజీని అడ్రసుతోనో హోస్ట్స్ ఫైల్లో రాసిన పేరుతోనో పిలవడం, రెండో డీఎన్‌ఎస్ వేరే పెట్టె మీద ఉండటం.

విండోస్ డొమైన్లలో ఈ వలయం మారువేషంలో వస్తుంది. లాగిన్లను సరిచూసే డొమైన్ కంట్రోలర్ కంటే ముందు లేచిన సర్వరు, కంట్రోలర్ దొరకక, తానున్న నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అని నిర్ణయించుకుంటుంది. వెంటనే ఫైర్‌వాల్ పబ్లిక్ నియమాలు అమలవుతాయి. అడ్రసు సరిగ్గా ఉంటుంది, గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్) పలుకుతుంది, లోపలి నుంచి బయటికి అన్నీ వెళ్తాయి, బయటి నుంచి మాత్రం రిమోట్ డెస్క్‌టాప్ రాదు, పింగ్ రాదు. కేబులు మార్చేవాళ్లు ఎన్ని మార్చినా ఇది తేలదు. కార్డును డిజేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే మళ్లీ లెక్క వేసుకుని ‘డొమైన్’ అని గుర్తిస్తుంది. ఒక్కదిక్కున మాత్రమే మూగబోయిన మెషీన్‌ను చూసినప్పుడల్లా నేను మొదట చూసేది ఇదే.

ఇప్పుడు మెమరీ వైపు వద్దాం. ఇక్కడ ఒక్క ఉదాహరణను పట్టుకుని చివరిదాకా వెళ్లడం మేలు. మెషీన్ అడ్రసు 192.168.50.25 అనుకుందాం, చేతితో పెట్టిన స్థిరమైన అడ్రసు. గేట్‌వే 192.168.50.1. కన్సోల్‌లో గేట్‌వేను పింగ్ చేస్తే ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తుంది. ఆ మాట ఎవరు అంటున్నారో చూడండి. అదే వరసలో మెషీన్ సొంత అడ్రసు 192.168.50.25 ఉంటుంది. అంటే పింగ్ ప్యాకెట్టు గడప దాటనే లేదు, గేట్‌వే మ్యాక్ అడ్రసు తెలియక ఇంట్లోనే ఆగిపోయింది. ‘ఐపీ నైబర్’ పట్టిక తెరిస్తే గేట్‌వే పక్కన ‘ఇన్‌కంప్లీట్’ అనో ‘ఫెయిల్డ్’ అనో ఉంటుంది. ‘192.168.50.1 ఎవరు? 192.168.50.25కు చెప్పండి’ అంటూ మెషీన్ సెకనుకోసారి ఆర్ప్ ప్రశ్న వేస్తోంది. ఆ కేక ఎంత దూరం వినిపిస్తోందో కనుక్కుంటే చాలు, దోషి దొరుకుతుంది.

మెషీన్‌లో పింగ్‌ను అలా నడవనిచ్చి, హోస్టు మీద, దాటే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌తో, మూడు చోట్ల చెవి పెట్టాలి. మొదటిది మెషీన్ కార్డుకు హోస్టు వైపున ఉన్న కొస, అంటే ట్యాప్. ప్రాక్స్‌మాక్స్‌లో 100వ నంబరు మెషీన్ మొదటి కార్డు పేరు ట్యాప్100ఐ0. రెండోది బ్రిడ్జి. మూడోది గోడ వైపు కేబులు ఉన్న అసలు కార్డు. ట్యాప్ దగ్గరే ఏమీ వినపడకపోతే తప్పు మెషీన్ లోపల ఉంది, లేదా దాని వర్చువల్ కేబులే తీసి ఉంది. వీఎంవేర్‌లో ‘కనెక్ట్ ఎట్ పవర్ ఆన్’ అన్న గడిలో టిక్కు లేకపోతే ఇన్నాళ్లూ చేతితో కలిపి నడిపిన మెషీన్ ఈరోజు విడిపోయి లేస్తుంది.

ట్యాప్ దగ్గర వినిపించి అసలు కార్డు దగ్గర వినపడకపోతే బ్రిడ్జిలో ఆ కార్డు లేదన్నమాట. ‘బ్రిడ్జ్ లింక్’ కమాండు కొట్టి చూస్తే ట్యాపులన్నీ కనిపిస్తాయి, కార్డు కనపడదు. ఎందుకంటే కార్డు పేరు మారింది. 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197వ వెర్షన్ నుంచి లినక్స్‌లో కార్డుల పేర్లు అవి కూర్చున్న చోటును బట్టి వస్తున్నాయి. ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ బస్సు 3, స్లాటు 0. ఇది స్థిరమైన పేరు అని చెప్పుకుంటారు, బస్సుల లెక్క మారనంతవరకు నిజమే. ఒక గ్రాఫిక్స్ కార్డు చేర్చినా, బయోస్‌లో ఒక పరికరాన్ని ఆపినా లెక్క కదులుతుంది, మూడు కాస్తా నాలుగవుతుంది. కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రం ఈఎన్‌పీ3ఎస్0నే బ్రిడ్జిలో కలపమంటుంది. లేని కార్డును ఎవరు కలుపుతారు?

ఎవరూ ముట్టుకోని బయోస్‌లో పరికరాల లెక్క ఎలా మారింది? మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో సీఆర్2032 బ్యాటరీ ఒకటి ఉంటుంది. గోడ కరెంటు ఉన్నంతకాలం అది చచ్చిందో బతికుందో తెలియదు. కరెంటు పూర్తిగా పోయిన రోజున, బ్యాటరీ కూడా అయిపోయి ఉంటే, చాలా బోర్డుల్లో బయోస్ ఫ్యాక్టరీ అమరికకు వెళ్లిపోతుంది. మీరు ఎప్పుడో ఆపేసిన పరికరాలు మళ్లీ లేస్తాయి, బస్సుల సంఖ్యలు జరుగుతాయి, కార్డు పేరు మారుతుంది, బ్రిడ్జి ఖాళీ అవుతుంది. దీనితో పాటు గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్లు ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అని తిరస్కరిస్తాయి. విండోస్ డొమైన్ లాగిన్లు చూసే కెర్బరోస్ మామూలుగా ఐదు నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు, లాగిన్లు ఆగిపోతాయి. ఇవన్నీ చూసేవాళ్లకు నెట్‌వర్క్ పోయినట్టే కనిపిస్తాయి. పేరు మారిందని తేలగానే ఫైలు దిద్ది ఊరుకోకుండా తేదీ కూడా ఒకసారి చూడండి అని నేను పట్టుబట్టేది అందుకే. తేదీ తప్పైతే ఆ నాణెం మార్చేదాకా పని పూర్తికానట్టే.

ఉబుంటులోనో ఫెడోరాలోనో లిబ్‌వర్ట్ అన్న సాఫ్ట్‌వేరుతో మెషీన్లు నడిపేవాళ్లకు ఇంకో తేలికైన కారణం ఎదురవుతుంది. ‘డీఫాల్ట్’ అన్న వర్చువల్ నెట్‌వర్క్, 192.168.122తో మొదలయ్యే అడ్రసులిచ్చేది, ఆటోస్టార్ట్ లేకుండా ఉంటే హోస్టుతో పాటు లేవదు. ‘వర్ష్ నెట్-లిస్ట్’ కమాండును అన్నీ చూపమన్న ఎంపికతో కొడితే ‘ఇన్‌యాక్టివ్’ అని కనిపిస్తుంది. స్టార్ట్ చేసి, ఆటోస్టార్ట్ పెడితే సరి.

కేక అసలు కార్డు దాటి బయటికి వెళ్లింది, జవాబు మాత్రం రావడం లేదు అంటే ఇక హోస్టును వదిలి స్విచ్చి దగ్గరకు నడవాలి. నా అనుభవంలో అత్యంత ఎక్కువగా బుకాయించే పెట్టె ఇదే. హోస్టుకు నెట్‌వర్క్ బాగానే ఉంటుంది, ఒక వీల్యాన్ (ఒకే స్విచ్చిలో విడగొట్టిన నెట్‌వర్క్) లోని మెషీన్లు మాత్రమే చచ్చి ఉంటాయి. ‘స్విచ్చి బాగానే ఉంది, హోస్టు పలుకుతోంది కదా’ అంటారు. హోస్టు ట్యాగు (ప్యాకెట్టు మీద వీల్యాన్ సంఖ్య) లేని వీల్యాన్‌లో ఉంది, మెషీన్లు ట్యాగు ఉన్న వీల్యాన్‌లో ఉన్నాయి. ఎప్పుడో ఎవరో ఆ వీల్యాన్‌ను ట్రంకు పోర్టులో, అంటే పలు వీల్యాన్లను మోసే పోర్టులో, చేర్చారు, పని జరిగింది, సేవ్ చేయకుండా లేచి వెళ్లారు. సిస్కో తరహా స్విచ్చుల్లో నడుస్తున్న కాన్ఫిగరేషన్ వేరు, బూటప్పుడు చదివే స్టార్టప్ కాన్ఫిగరేషన్ వేరు. మొదటిదాన్ని రెండోదానిలోకి కాపీ చేయకపోతే కరెంటుతో పాటు అదీ పోతుంది. చవక రకం వెబ్ స్విచ్చుల్లో ఇది ఇంకా మోసం: ‘అప్లై’ నొక్కితే అమలవుతుంది, ‘సేవ్’ అన్న మీట వేరే పేజీలో ఎక్కడో ఉంటుంది. టీసీపీడంప్‌ను మ్యాక్ అడ్రసులు చూపే ఎంపికతో నడిపితే బయటికి వెళ్తున్న కేకకు వీల్యాన్ ట్యాగు ఉందో లేదో కూడా కనిపిస్తుంది. ట్యాగు ఉంది, జవాబు లేదు అంటే స్విచ్చి ట్రంకు జాబితా చూడటమే మిగిలింది.

స్విచ్చి మరచిపోయేది వీల్యాన్ ఒక్కటే కాదు. స్టోరేజీ కోసం జంబో ఫ్రేములు, అంటే మామూలు కంటే పెద్ద ప్యాకెట్లు, పెట్టుకుని ఉంటే అవీ పోతాయి. ఇది మహా దొంగ లక్షణం. పింగ్ వెళ్తుంది, లాగిన్ కూడా అవుతుంది, పెద్ద ఫైలు కదిపితే కదలదు. 9000 ఎంటీయూ (ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం, బైట్లలో) ఉన్న చోట, ముక్కలు చేయవద్దన్న ఎంపికతో 8972 బైట్ల పింగ్ పంపండి. మిగిలిన 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లవి. అది పోక, 1472 పోతే దారిలో ఎవరో 1500కు జారిపోయారు.

నాలుగో అవకాశం: ఆర్ప్‌కు జవాబు వచ్చింది, పట్టికలో గేట్‌వే మ్యాక్ అడ్రసు చక్కగా చేరింది, పింగ్ మాత్రం పోవడం లేదు. ఇది దాదాపు ఎప్పుడూ ఫైర్‌వాలే. హోస్టు మీద డాకర్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేరు) కూడా ఉందా అని అడగండి. 1.13 వెర్షన్ నుంచి డాకర్ ఐపీటేబుల్స్‌లో ఫార్వర్డ్ నియమాల వరసకు ‘డ్రాప్’, అంటే పారేయమని, రాస్తుంటుంది. బ్రిడ్జి మీదుగా పోయే ఐపీ ప్యాకెట్లను కూడా ఐపీటేబుల్స్‌కు చూపించే కెర్నల్ మాడ్యూలు లోడై ఉంటే, మెషీన్ల ప్యాకెట్లు ఆ నియమానికి బలవుతాయి. ఆర్ప్ ఐపీ కాదు కాబట్టి తప్పించుకుంటుంది. కరెంటు పోకముందు ఎవరో చేతితో ఒక అనుమతి నియమం చేర్చి నడిపించి ఉంటారు, లేదా డాకర్‌ను ఇన్‌స్టాల్ చేశాక హోస్టు ఎన్నడూ రీబూట్ కాకపోయి ఉండవచ్చు.

అడ్రసుల గొడవ గురించి కొంచెం. చాలా చిన్న రూటర్లు ఎవరికి ఏ అడ్రసు ఇచ్చాయో మెమరీలోనే పెట్టుకుంటాయి. కరెంటు వచ్చాక పట్టిక ఖాళీ. డీహెచ్‌సీపీ పంచే శ్రేణిలోనే మీరు ఒక మెషీన్‌కు స్థిరమైన అడ్రసు పెట్టి ఉంటే, అది లేచేలోపు రూటర్ ఆ అడ్రసును ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. కాసేపు పలికి కాసేపు పలకని మెషీన్ ఉంటే దీన్ని అనుమానించండి. ఆర్ప్‌పింగ్‌తో అడిగితే రెండు మ్యాక్ అడ్రసులు జవాబిస్తాయి. మ్యాక్ మొదట 08:00:27 ఉందంటే వర్చువల్‌బాక్స్, 52:54:00 అంటే క్యూఈఎంయూ, 00:50:56 అంటే వీఎంవేర్. అలా మొదలు కానిది ఎవరిదో వెతుక్కోవాలి.

డిస్కు చెడి మెషీన్‌ను బ్యాకప్ నుంచి తెచ్చుకున్నవాళ్లకు మ్యాక్ అడ్రసు మారి ఉండవచ్చు. వీఎంవేర్ ‘జరిపారా, కాపీ చేశారా’ అని అడిగినప్పుడు కంగారులో కాపీ అని చెబితే కొత్త మ్యాక్ వస్తుంది. డీహెచ్‌సీపీలో పాత మ్యాక్‌కు కేటాయించిన అడ్రసు ఇక అందదు. ఉబుంటు నెట్‌వర్క్ అమరికైన నెట్‌ప్లాన్ ఫైల్లో మ్యాక్‌తో జత కలిపి ఉంటే కార్డు అసలు అమరదు. విండోస్‌లో పాత కార్డు దెయ్యంలా దాక్కుని ఆ స్థిరమైన అడ్రసును వదలదు. పరికరాల జాబితాలో దాగినవి చూపమని చెప్పి దాన్ని తీసేయాలి. ఇంకో మెలిక: రూటర్ యూపీఎస్ మీద ఉండి ఆగకుండా నడిచిందనుకోండి, పాత మ్యాక్ దాని ఆర్ప్ పట్టికలో ఇంకా ఉంటుంది. సిస్కో రూటర్లలో ఆ జ్ఞాపకం మామూలుగా నాలుగు గంటలు. ఇక్కడ మరిచిపోకపోవడమే తప్పు.

కార్డులు కాలవా? కాలుతాయి. పూర్తిగా కాలినవి సులువు, లింకు దీపమే వెలగదు. సగం కాలినవే ఏడిపిస్తాయి. ఈథ్‌టూల్ కమాండు చూపే వేగం నిన్నటిదాకా సెకనుకు 1000 మెగాబిట్లు ఉండి ఈరోజు 100 అయితే అనుమానించండి. గిగాబిట్‌కు కేబులులోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. పోర్టులో ఒక జత వైపు దెబ్బతింటే వేగం తగ్గి బండి నడుస్తుంది. కరెంటు పూర్తిగా పోవడం కంటే క్షణంపాటు తగ్గి మళ్లీ ఎగబాకడం కార్డుకు చెడ్డది, అది అయోమయంలో పడిపోవచ్చు. సర్వరును షట్‌డౌన్ చేసినా పవర్ సప్లయి నుంచి స్టాండ్‌బై కరెంటు కార్డుకు అందుతూనే ఉంటుంది కనుక రీస్టార్ట్‌లు దానికి ఆనవు. ప్లగ్గు పీకి, పవర్ మీట కాసేపు నొక్కి పట్టి, మళ్లీ పెట్టాలి. ఈ ఒక్క సందర్భంలో ‘ఆపి లేపడం’ అన్న సలహాకు నేను తల ఊపుతాను, అది కూడా పైన చెప్పినవన్నీ చూశాక.

యూపీఎస్ కొనండి అనేవాళ్లతోనూ నాకు కొంత వాదన ఉంది. కొనండి. కానీ బ్యాటరీ అడుగంటుతోందని హోస్టుకు చెప్పే ఏర్పాటు, ఎన్‌యూటీ లాంటిది, లేకపోతే యూపీఎస్ చేసేది కోతను అరగంట వాయిదా వేయడమే. చాలా చోట్ల సర్వరును యూపీఎస్‌కు కలిపి స్విచ్చిని పక్కన ఉన్న మామూలు సాకెట్టులో పెడతారు. అప్పుడు సర్వరు ఆగదు, స్విచ్చి ఒక్కటే చచ్చి, సేవ్ చేయని వీల్యాన్లను మరచి, లేస్తుంది. సర్వరు లాగులో రీబూట్ జాడే ఉండదు కనుక ఎవరికీ కరెంటు మీద అనుమానం కూడా రాదు.

నేను అడిగేది యూపీఎస్ కంటే చవకైనది, ఒప్పించడం మాత్రం కష్టమైనది. మనకు అనువైన వేళ చూసుకుని, అన్నిటినీ, స్విచ్చితో సహా, మనమే ఆపి లేపడం. హోస్టు ఒక్కదాన్నే రీబూట్ చేస్తే సరిపోదు, స్విచ్చి మెలకువగా ఉండగా చేసే రీబూట్ దేన్నీ నిరూపించదు. ‘నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి’ అని అడుగుతారు. కదపకపోతే అది నడుస్తోందో, మెమరీ ఆసరాతో నిలబడి ఉందో తెలియదు కాబట్టి. దానికి ముందురోజు స్విచ్చి నడుస్తున్న కాన్ఫిగరేషన్‌నూ స్టార్టప్ కాన్ఫిగరేషన్‌నూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే సగం పని అక్కడే తీరుతుంది. హోస్టులో ‘ఐపీ అడ్రస్’, ‘ఐపీ రూట్’, ‘బ్రిడ్జ్ లింక్’ చూపినదాన్ని ఒక ఫైల్లో దాచుకుని, లేచాక మళ్లీ తీసి పోల్చండి.

ఇందులో నాతో తోటివాళ్లు ఒప్పుకోని విషయం ఒకటుంది. కరెంటు రాగానే అన్ని మెషీన్లూ వాటంతటవే లేవాలని వాళ్లు అంటారు. నా హోస్టుల మీద డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ, డొమైన్ కంట్రోలర్ మాత్రమే ఆటోస్టార్ట్‌లో ఉంటాయి. మిగతావాటిని గేట్‌వే పలికాక, తేదీ సరిచూశాక, నేనే లేపుతాను.